పడవ యాడిదాక వచ్చింది

అమీర్‌పేట
జూన్

మతీన్‌కు,

నీకు ఫిట్స్ మొదలైనప్పటి నుంచి డాక్టర్ ఫోను, టీవీ, కంప్యూటరు అన్నీ బంద్ పెట్టి, రోజుకో పేజీ చేత్తో రాయమన్నాడట. మీ నాన్న చెప్పాడు, నిన్ను జహీరాబాద్‌లో మీ ఫిర్దౌస్ పిన్ని ఇంటికి పంపానని. ఫోన్లో మాట్లాడదామంటే మధ్యలో మాట ఆగిపోతోందని సిగ్గుపడుతున్నావని కూడా చెప్పాడు. నా దగ్గర సిగ్గేందిర? సరే, రాయి. నేనూ రాస్తాను. ఈ దేశంలో ఉత్తరాలు రాసుకునేది ఇక మనమిద్దరం, కోర్టు నోటీసులు పంపేవాళ్లు.

అసలు సంగతి. మినాటో అయిపోతోంది. జపాన్ కంపెనీవాడు ప్రకటించాడు, ఎనిమిదో భాగమే ఆఖరుదని. దాదాపు నలభై ఏళ్లు నడిచిన వీడియో గేము. మనం బడి ఎగ్గొట్టి, ఇక్కడే అమీర్‌పేటలో మీ నాన్న అమ్జద్ చాచా నడిపిన గేమ్ షాపులో బెంచీ మీద ఒకరి ఒళ్లో ఒకరం కూర్చుని ఆడిన ఆట. ఒక్క పేపర్లో ఒక్క ముక్క లేదు. నేను జిరాక్స్ షాపులో ఈ మాట అంటే మా ఓనర్ విజయేందర్ అన్న నవ్వాడు. "గేములకు చరిత్రేంది ర? రాజులకుంటది, లీడర్లకుంటది" అన్నాడు. నాకు తిక్క రేగింది. రాజుల చరిత్ర రాజులు రాయించుకున్నారు, ఆడుకున్న పిల్లల చరిత్ర ఎవడు రాస్తాడు అని అరిచాను. కస్టమర్లు బయటికి పోయారు. కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే ఉద్యోగం నా నోటి వల్లే పోయిందని, ఇది కూడా పోతుందని అన్న గుర్తు చేశాడు.

కాబట్టి నేనే రాస్తున్నాను. తెలుగులో, పదహారు పేజీల కరపత్రం. కాగితం, మిషన్ విజయేందర్ అన్నవి, మాట నాది. తన చరిత్ర తాను రాసుకోని జనానికి ఎవడో చెప్పిన కథే గతి అని ఒక చిన్న పుస్తకంలో చదివాను. అట్ట చిరిగిపోయింది గానీ మాట నిజం.

నీకు జ్ఞాపకశక్తి ఎక్కువ. మనం ఏ క్యాసెట్ ముందు ఆడాం, ఏది తర్వాత? ఊళ్ల వరుస ఏది? రాసి పంపు.

నీ
కేదార్


జహీరాబాద్
జూలై

కేదార్,

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ ఇస్తే ఫిర్దౌస్ ఖాలా భయపడింది. నిజంగానే కోర్టు నోటీసు అనుకుంది. నేను నవ్వితే ఇంకా భయపడింది. ఈ ఇంట్లో నేను ఏం చేసినా ముందు భయం, తర్వాత చాయ్.

ఇక్కడ బాగుంది. చుట్టూ అల్లం చేలు. ఫిట్స్ తగ్గాయి. అబ్బు అడిగితే అదే చెప్పు.

వరుస అడిగావు. అబ్బు చెప్పిన వరుసే, ఇంకేముంది? తెర మీద జపాన్ అక్షరాలు ఎవడికీ రావు, అబ్బుకూ రావు. మూడో గీత మీద నొక్కితే నిప్పు, నాలుగో గీత మీద నొక్కితే మందు, అంతే మన చదువు. కానీ పిల్లలు అడుగుతారు కదా, ఇది ఏ ఊరు చాచా, వీడెవడు చాచా అని. అబ్బు కౌంటర్ నుంచి తల ఎత్తకుండానే చెప్పేవాడు. పడవ నడిపే పిల్లగాడు అబ్దుల్. పొగ గొట్టాలున్న ఊరు సనత్‌నగర్. అందరూ మాస్కులు పెట్టుకుని తిరిగే ఊరు కృష్ణానగర్, వేషాల కోసం వచ్చినోళ్లు. పెద్ద పక్షి దిగే మైదానం బేగంపేట. అక్కడితో ఒకటో నంబర్ క్యాసెట్ ఖతం.

రెండో నంబర్ పెడితే పడవకు తెరచాప లేదు. అబ్దుల్ బలమంతా పోయి మళ్లీ మొదటికొచ్చాడు. మనం షాపు ఎగిరిపోయేలా ఏడ్చాం, యాదుందా? అబ్బు అన్నాడు, "తుఫాన్ల తెరచాప చినిగింది బేటా. తలకు దెబ్బ తగిలింది. అబ్దుల్‌కు అన్నీ యాది పోయినయ్. జర సబర్ పట్టు, మళ్ల నేర్చుకుంటడు." మనం నమ్మాం. నేర్చుకున్నాడు కూడా.

ఆఖరుకు పంజాగుట్ట. మా ఇల్లు. గుట్ట మీద దీపం పట్టుకుని బద్రున్నీసా బేగం. "పడవ యాడిదాక వచ్చింది?" అని అడుగుతుంది. దాటొచ్చిన ఊళ్లన్నీ వరుసగా చెబితే తలుపు తీస్తుంది. తలుపు తెరుచుకునే చోట క్యాసెట్ ఆగిపోయేది. లోపల ఏముందో అబ్బు ఎంత అడిగినా చెప్పలేదు.

నీ చరిత్ర నువ్వు రాయి. ఈ వరుసను మాత్రం కదిలించకు. ఎందుకని అడగకు. ఊరికే.

మతీన్


అమీర్‌పేట
ఆగస్టు

మతీన్,

కూర్చుని చదువు. పడుకుని చదివే ఉత్తరం కాదు.

మా షాపు పైన జపాన్ భాష నేర్పే ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ నేర్చుకునే అనుపమ అని నర్సు, జపాన్‌లో ముసలోళ్లను చూసుకునే ఉద్యోగానికి పోతోంది. నోట్సు జిరాక్స్‌కు వస్తే పట్టుకున్నాను. వారం రోజులు బతిమాలితే మినాటో పాత భాగాల మాటలన్నీ చదివి పెట్టింది. కంపెనీవాళ్లు చెప్పుకున్న ముచ్చట్లు కూడా చదివింది. మన బతుకులో సగం అబద్ధం.

అసలు చరిత్ర ఇది. రేవు పట్టణంలో గొడుగులు బాగుచేసే దుకాణం పైగదిలో ముగ్గురు స్నేహితులు మొదటి భాగం చేశారు. చిన్న పడవ, తెరచాప లేదు, ఎందుకంటే తెరచాప బొమ్మకు క్యాసెట్లో చోటు చాలలేదు. రెండోది ఎవరూ కొనలేదు. ఇల్లు తాకట్టు పెట్టి మూడోది చేశారు, అందులో తెరచాప పెట్టారు, దేశమంతా ఊగిపోయింది. నాలుగోది అయ్యాక కథలు రాసేవాడు అలిగి వెళ్లిపోయాడు. ఐదు, ఆరు సీడీల మీద వచ్చాయి, బొమ్మలు మాట్లాడాయి, మాటల్లో పస పోయింది. ఏడోది ఫోన్లో. దీపంలో నూనె అయిపోతే డబ్బు కట్టి కొనుక్కోవాలట. దీపాన్ని కూడా అమ్ముకున్నారు, చూశావా? పెట్టుబడి ముట్టుకున్న ఏ వెలుగైనా ఇంతే. ఇప్పుడు ఎనిమిదోదానితో దుకాణం మూస్తున్నారు.

ఇక మన సంగతి. దొంగ క్యాసెట్లు అమ్మేవాడు అట్టల మీద నంబర్లు తన ఇష్టం వచ్చినట్టు అంటించాడు. మనం ఒకటి అనుకున్నది మూడు. రెండు అనుకున్నది ఒకటి. తుఫాను లేదు. తలకు దెబ్బ లేదు. యాది పోవడం లేదు. అప్పటికి తెరచాప పుట్టనే లేదు, అంతే. పంజాగుట్ట ఆఖరి ఊరు కాదు, మొట్టమొదటి ఊరు. బద్రున్నీసా బేగం సత్రం నడిపే మనిషి. "ఈ రాత్రికి ఉంటారా?" అంటుంది. ప్రతివాడినీ అదే అడుగుతుంది. తలుపు లోపల ఒక మంచం ఉంటుంది. క్యాసెట్ దొంగది కాబట్టి ఆగిపోయేది.

కరపత్రం వేశాను. పంజాగుట్టలో చాచా ఇప్పుడు నడిపే మొబైల్ కవర్ల దుకాణానికి పోయి, కౌంటర్ ముందు నిలబడి మొత్తం చదివి వినిపించాను. చాచా ఒక కస్టమర్ ఫోనుకు గాజు అంటిస్తున్నాడు. చివరిదాకా విని "అచ్ఛా" అన్నాడు. గాజు కింద బుడగ పడిపోయింది. చాచాకు బుడగ పడటం నేనెప్పుడూ చూడలేదు. నాకు చాయ్ తెప్పించాడు.

నువ్వు ఒక పని చెయ్యి. రోజుకో పేజీ ఎలాగూ రాయాలి. ఈ నిజమైన వరుసే రాయి: పంజాగుట్ట, ఆ తర్వాత రెండో భాగం రేవులు, ఆ తర్వాతే సనత్‌నగర్, కృష్ణానగర్, బేగంపేట. చెయ్యి తిరుగుతుంది, బుర్రలో చెత్త పోతుంది. కదిలించకు అన్నావు. కదలని నిజం ఎక్కడుందిర?

కేదార్


జహీరాబాద్
ఆగస్టు

కేదార్,

కరపత్రం అందింది. బాగా రాశావు. గొడుగుల దుకాణం ముచ్చట ఖాలాకు కూడా చదివి వినిపించాను. తాకట్టు పెట్టిన ఇల్లు విడిపించుకున్నారా లేదా అని అడుగుతోంది.

నువ్వు చెప్పినట్టే రోజూ రాస్తున్నాను. రాత కుదురుతోంది.

అబ్బు "అచ్ఛా" అన్నాడని రాశావు. ఏ అచ్ఛా? అబ్బు దగ్గర రెండున్నాయి. గిరాకీ వచ్చినప్పుడు అనేది ఒకటి. కరెంటు పోయి, షాపంతా పిల్లలు గోల చేస్తుంటే చీకట్లో అనేది ఒకటి.

అలసటగా ఉంది. ఇంతే.

మతీన్


అమీర్‌పేట
సెప్టెంబర్

మతీన్,

అరపేజీ ఉత్తరమా? నేను పదహారు పేజీలు రాస్తే నువ్వు అరపేజీ. ఏ అచ్ఛానో నాకేం తెలుసు, అచ్ఛా అచ్ఛాయే.

పోయిన ఆదివారం మన పాత బెంచీవాళ్లను పంజాగుట్ట ఇరానీ హోటల్‌కు పిలిచాను. నరేశ్, అనుదీప్ వచ్చారు. కరపత్రం పంచి, ఊళ్ల వరుస తప్పని చెప్పడం మొదలుపెట్టానో లేదో నరేశ్ అడ్డం పడ్డాడు. "ఆఖరు ఊరు పంజాగుట్ట ఎట్లయితది? సనత్‌నగరే కద, దీపం అక్కడే కద" అన్నాడు. అనుదీప్ బల్ల గుద్ది బేగంపేట అన్నాడు. ఇద్దరూ ఒట్లు పెట్టుకున్నారు. నేను లెక్క తీశాను. నరేశ్ వాళ్ల నాన్న పనిచేసింది సనత్‌నగర్ ఫ్యాక్టరీలో, ఇల్లూ అక్కడే. అనుదీప్‌ది బేగంపేట. ఎవడి ఇల్లు ఎక్కడుంటే వాడికి దీపం అక్కడ పెట్టాడు మీ నాన్న. తలా ఒక అబద్ధం. పిల్లగాడు ఇల్లు చేరేదాకా లేవకుండా ఆడతాడని దుకాణపోడి మాయ. ఇదే మాట చాచాతో అన్నాను. ఆయన కవర్లు సర్దుకుంటూ కూర్చున్నాడు.

నరేశ్ నా కరపత్రం మీద చాయ్ కప్పు పెట్టి, "నువ్వు మంచోనివే కేదార్. కానీ నీతోటి చాయ్ తాగుడు మస్తు కష్టం" అన్నాడు. లేచి వచ్చేశాను. బిల్లు వాళ్లే కట్టుకున్నారు.

నువ్వన్నా రాయి, నేను చేసింది సరైందే అని. ఈ ఊళ్లో ఎవడూ అనడం లేదు.

కేదార్


జహీరాబాద్
అక్టోబర్

కేదార్,

నువ్వు చేసింది సరైందే. ముందు అది రాసేస్తున్నాను, తర్వాత మర్చిపోతానేమోనని.

ఇప్పుడు అసలు సంగతి. ఫిట్స్ తగ్గలేదు. ఇక్కడికి వచ్చినప్పటి నుంచీ పెరిగాయి. అబ్బుకు తెలియదు, తెలియనివ్వకు. ఆ మనిషి దుకాణం మూసుకుని వచ్చి నా మంచం పక్కన కూర్చుంటాడు, నేను చూడలేను.

పడిపోవడం నాకు తెలియదు. తిరిగి రావడం తెలుస్తుంది. ముందు వెలుతురు వస్తుంది, తర్వాత శబ్దం. పేర్లు రావు. ఎదురుగా ఉన్న మనిషి ఖాలా అని తెలియదు. నా పేరు మతీన్ అని తెలియదు. మొదట్లో ఖాలా నా పేరు అడిగేది, నేను చెప్పలేకపోయేవాణ్ని, ఇద్దరం ఏడ్చేవాళ్లం. ఒకసారి ఏం తోచక, చిన్నప్పుడు అబ్బు చెప్పే ముచ్చట యాదికొచ్చి, "పడవ యాడిదాక వచ్చింది బేటా?" అని అడిగింది. నా నోరు దానంతట అదే చెప్పింది. సనత్‌నగర్, కృష్ణానగర్, బేగంపేట, తుఫాను. తుఫాను అనగానే, ఓ, నాకే ఏదో అయింది అని అర్థమయ్యేది. పంజాగుట్ట అనగానే ఇల్లు. ఖాలా మొహం ఖాలా మొహం అయ్యేది. నీళ్లు ఇచ్చేది. అప్పటి నుంచి ప్రతిసారీ అట్లాగే వచ్చాను.

అందుకే కదిలించకు అన్నాను. అప్పుడే ఎందుకో చెప్పి ఉండాల్సింది. మినాటో పేరు మీద ఇంత సంగతి రాస్తే నవ్వుతావేమో అనుకున్నా.

పోయిన వారం పడ్డాను. ఖాలా అడిగింది. సనత్‌నగర్ అన్నానట. తర్వాత పంజాగుట్ట. తర్వాత బేగంపేట, మళ్లీ పంజాగుట్ట. పంజాగుట్ట వచ్చినప్పుడల్లా ఇల్లు చేరానని రావాలి కదా. ఇప్పుడే బయలుదేరాలి అని వస్తోంది. లేచి చెప్పులు వెతికానట. ఖాలా పట్టుకుంటే తోసేశాను, ఆమె చేతికి దెబ్బ తగిలింది. మధ్యాహ్నం నమాజు నుంచి పొద్దుగూకే దాకా ఊళ్లు తిరుగుతూనే ఉన్నా. డాక్టర్ మందు మార్చాడు. ఊళ్ల సంగతి ఆయనకేం చెప్పేది?

పాత వరుస నాకు తెలుసు, చూడు, ఇప్పుడు కూడా రాశాను. గోడ మీద రాసిపెట్టుకో అంటావు. ఖాలా రాయించింది. తిరిగి వచ్చేటప్పుడు చదువు రాదు కేదార్. తెలుగు కూడా మినాటో అక్షరాల్లాగే ఉంటుంది. అక్కడ దానంతట అది వచ్చేదే వస్తుంది. ఇప్పుడు రెండు వరుసలూ కలిసిపోయి వస్తున్నాయి.

నీ మీద కోపం లేదు. ఒక్క పని చెయ్యి. అబ్బు నోటితో ఆ కథ ఒకసారి చెప్పించు. ఎట్లా చెబితే అట్లా రాసి పంపు, ఖాలా రోజూ చదివి వినిపిస్తానంది. ఎందుకని మాత్రం చెప్పకు.

మతీన్


అమీర్‌పేట
అక్టోబర్

మతీన్,

నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నువ్వు చేత్తో రాసిన ఆ పేజీలు కాల్చెయ్యి అని రాశాను, కొట్టేశాను. కాగితం కాలిస్తే ఏం పోతుంది? రోజూ రాయమని చెప్పింది నేనే. షాపులో మిగిలిన కరపత్రాలన్నీ చింపుతుంటే విజయేందర్ అన్న "గిప్పుడేమైంది ర నీ చరిత్రకు?" అన్నాడు. నేను చింపుతూనే ఉన్నాను.

చాచా దగ్గరికి పోయాను. పడవ కథ చెప్పు చాచా, అన్నాను.

"నీ కితాబ్ల ఉంది కద బేటా."

"నీ కథ కావాలి."

"అది కథ కాదంటివి. దుకాణపోడి మాయ అంటివి."

"తప్పయింది. చెప్పు."

చెప్పబోయాడు. నిజంగానే ప్రయత్నం చేశాడు మతీన్. చేతిలో కవరు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, "సనత్‌నగర్ల పొగ గొట్టాలు" అన్నాడు. ఆగిపోయాడు. "తెరచాప లేకుండెనంటివి కద" అన్నాడు. మళ్లీ మొదలుపెట్టాడు. "బద్రున్నీసా బేగం," అని, "సత్రపామె," అని, నా మొహం చూశాడు. తప్పు చెబుతున్నానా అని నన్ను అడుగుతున్నట్టు. మనకు ప్రపంచమంతా కౌంటర్ వెనక నుంచి తల ఎత్తకుండా చెప్పిన మనిషి.

"రాదు బేటా. మధ్యల నువ్వొస్తున్నవ్" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదనో తెలియదు. ఎప్పటిలాగే నోరు లేచింది. "రావాలె, మతీన్‌కు కావాలె, నీ కథ లేక వాడు ఇంటికి రాలేకపోతుండు" అని అరిచాను. మొత్తం చెప్పేశాను. ఖాలా చెయ్యి సంగతితో సహా. నువ్వు చెప్పకు అన్న మాట తప్పాను.

చాచా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. ఒక్కటే అడిగాడు. "యాడ ఆగిండు?"

పంజాగుట్ట దగ్గర, అన్నాను.

"అచ్ఛా" అన్నాడు. ఇప్పుడు తెలిసింది నాకు, ఏ అచ్ఛానో. చీకట్లోది.

బయట వేలాడదీసిన కవర్లు కూడా తీయకుండా నడిచాడు. అవన్నీ లోపల పెట్టి షట్టర్ వేసి పరిగెత్తేసరికి జహీరాబాద్ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ఎక్కించాను.

నేను చదివిన చిన్న పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. అన్యాయం చేసినవాడిని ఏం చెయ్యాలో అన్నింట్లో ఉంది. నిజం చెప్పి ఇట్లా చేసినవాడు ఏం చెయ్యాలో ఎందులోనూ లేదు.

కేదార్


జహీరాబాద్
నవంబర్

కేదార్,

అబ్బు ఇక్కడే ఉన్నాడు. నువ్వు మాట తప్పినందుకు తిట్టాలనుకున్నా. అబ్బు పక్కన కూర్చుని అల్లం తొక్కు తీస్తుంటే తిట్టు రావడం లేదు.

ఇది ఖాలా చెప్పింది. నాకు తెలిసింది ఇందులో ఏమీ లేదు.

అబ్బు వచ్చిన మూడో రోజు పడ్డాను. నేను పడటం అబ్బు చూడటం అదే మొదటిసారి. గోడకు ఆనుకుని నిలబడిపోయాడట. నేను కళ్లు తెరిచాక ఖాలా అడగబోతే ఆపి, తానే నా చెయ్యి పట్టుకుని అడిగాడు. "పడవ యాడిదాక వచ్చింది బేటా?"

నేను ఆయన మొహం చూసి, "అమీర్‌పేట" అన్నానట.

అమీర్‌పేట నీ చరిత్రలో లేదు. అబ్బు కథలో లేదు. అది పడవ పోయే ఊరు కాదు, మనం కూర్చున్న ఊరు. బెంచీ ఉన్న ఊరు.

అబ్బు "హౌ బేటా, అమీర్‌పేటే" అన్నాడు. ఆడనుంచి చెప్పడం మొదలుపెట్టాడు. ఈసారి ఆగలేదు. ఖాలా డాక్టర్ కోసం పరిగెత్తింది. డాక్టర్ లేడు, కాంపౌండర్‌ను వెంటబెట్టుకుని వచ్చేసరికి అబ్బు ఇంకా చెబుతూనే ఉన్నాడు. నేను కళ్లు తెరుచుకుని వింటున్నా. గుమ్మంలోంచి ఖాలాకు వినబడింది ఒక్కటే ముక్క. "ఇగ తలుపు తీసింది." ఆ తర్వాత అబ్బు గొంతు తగ్గించాడు. నేను నవ్వానట. నవ్వి నిద్రపోయాను. లేచాక ఖాలాను ఖాలా అన్నాను.

తెల్లారి అడిగాను, తలుపు లోపల ఏముంది అబ్బు?

"ఆ టైముకు నోటికేదొస్తే అది చెప్పిన బేటా. నాకేం యాదుంటది?" అన్నాడు. మళ్లీ చెప్పమంటే కూర్చున్నాడు పాపం. అమీర్‌పేట దాకా వచ్చి ఆగిపోయాడు. "ఇన్నది నువ్వు. నువ్వే చెప్పు" అన్నాడు.

నిజమే, విన్నది నేనే. ఇన్నేళ్లు అడిగిన ఆఖరు మొత్తం విన్నాను. ఒక్క మాట లేదు నా దగ్గర.

మొన్న మళ్లీ పడ్డాను. అబ్బు అడిగాడు. ఏ ఊరూ రాలేదు. నా బుర్ర దానంతట అది తేరుకునేదాకా ముగ్గురం కూర్చున్నాం.

రోజుకో పేజీ రాయాలి కదా. ఈ రోజు పేజీ మీద అమీర్‌పేట అని రాశాను. ఆ తర్వాత ఏం రాయాలో తెలియక నీకు రాస్తున్నాను.

మతీన్